చీటీ మీది మాట, చేతిలోని వస్తువు: కవితకు కొన్ని అభ్యాసాలు

కవిత రాద్దామని కూర్చున్నప్పుడు కాగితం మీదికి ముందుగా వచ్చే మాటలు చాలావరకు మనవి కావు. వెన్నెల, మౌనం, గాయం, కన్నీటి చుక్క, జ్ఞాపకాల దొంతర. పిలవకుండానే వరుస కడతాయి. ఎందరో వాడి వాడి నున్నగా చేసిన మాటలు కాబట్టి చేతికి తేలిగ్గా అందుతాయి, అంతే తేలిగ్గా చదివేవారి మనసులోంచి జారిపోతాయి. వీటి బారి నుంచి తప్పించుకోవడానికి నాకు తెలిసిన గట్టి దారి ఒకటుంది: కవిత కోసం పుట్టని భాషతో కవిత రాయడం, కవిత కోసం చేయని వస్తువును ఎదురుగా పెట్టుకోవడం.

నా పని ప్రూఫులు దిద్దడం. కవితా సంపుటాలు దిద్దుతాను. మందుల కరపత్రాలు, యంత్రాల వాడుక పుస్తకాలు, పరీక్షా పత్రాలు, గ్రంథాల చివర వచ్చే పదసూచికలు కూడా దిద్దుతాను. ఒళ్లు జలదరించే వాక్యం ఈ రెండో రకంలోనే ఎక్కువసార్లు తగులుతుంది. ‘వెలుతురు తగలకుండా ఉంచండి’ అని ఒక మందు చీటీ మీద ఉంటుంది. దాన్ని రాసిన మనిషికి కవిత్వం రాస్తున్నానన్న ఊహే లేదు, అందుకే అందులో నటన లేదు. అలాంటి వాక్యాలను ఏరి పెట్టుకుని, కవిత్వం నేర్చుకోవాలనుకునేవారితో కలిసి చేసే అభ్యాసాలు ఇవి. కొన్నింటికి పది నిమిషాలు చాలు, కొన్నింటికి ఒక సాయంత్రం కావాలి.

ముందు ఏరుకోవాలి

జేబులో పట్టే నోటు పుస్తకం ఒకటి కేటాయించండి. అందులో సొంత ఆలోచనలు రాయవద్దు. బయట కనిపించినవి, వినిపించినవి మాత్రమే, ఉన్నవి ఉన్నట్టుగా రాయాలి. పక్కనే అది ఎక్కడ దొరికిందో ఒక్క ముక్క రాసుకోండి.

‘ఉన్నవి ఉన్నట్టుగా’ అన్నది నా మట్టుకు చాలా పెద్ద నియమం. ‘తడి రంగు, తాకరాదు’ అని గోడ మీద ఉంటే పుస్తకంలోకి ‘తాకొద్దు’ అని ఎక్కించకండి. ‘తాకొద్దు’ అనడంలో ఎదుట ఒక మనిషి ఉన్నాడు. ‘తాకరాదు’లో ఎవరూ లేరు. ‘ఈ తలుపు ఎల్లప్పుడూ మూసి ఉంచవలెను’, ‘లోనికి ప్రవేశము లేదు’, ‘నిషేధించడమైనది’ — ఎవరు మూయాలో, ఎవరు నిషేధించారో ఈ వాక్యాలు చెప్పవు. ముఖం లేని ఈ గొంతు నోటీసు బోర్డు మీద ఉన్నంతసేపు మనకు పట్టదు. కవితలోకి వచ్చేసరికి ఒక్కోసారి భయపెడుతుంది, ఒక్కోసారి దాని ఒంటరితనం చూస్తే జాలేస్తుంది. వ్యావహారికంలోకి మార్చారంటే ఆ గొంతు పోతుంది. అక్షర దోషాలనూ అలాగే ఉంచండి. రోజంతా దోషాలు వెతికే మనిషిగా చెబుతున్నాను, ఈ పుస్తకంలో ఎర్ర సిరాకు పని లేదు.

ఎక్కడ వెతకాలి? మందు చీటీలు, కొత్త యంత్రంతో పాటు వచ్చే సూచనలు, వాతావరణ సమాచారం, దరఖాస్తు ఫారాలు, నిఘంటువుల్లో అర్థాల కింద ఇచ్చే ఉదాహరణ వాక్యాలు. ఫోనులో వినిపించే యంత్రపు గొంతు: ‘మీరు సంప్రదించాలనుకుంటున్న వ్యక్తి ప్రస్తుతం అందుబాటులో లేరు.’ ఆ వాక్యాన్ని ఫోనులో విన్నప్పుడు ఎవరూ ఏడవరు. ఒక కాగితం మధ్యలో ఒంటరిగా రాసి చూడండి. ఇక బస్సులో పక్క సీటులో ఒకరు ఫోనులో మాట్లాడుతుంటే మనకు వినిపించేది సగమే: ‘ఆ... లేదు... చెప్పాను కదా... అది కాదు, ముందు నువ్వు తిన్నావా?’ ఆ సగం సంభాషణే ఒక రూపం. అవతలి సగాన్ని ఊహించి రాయకండి, ఆ ఖాళీలే చదివేవారిని లోపలికి లాగుతాయి.

ఏరేటప్పుడు ఒక్క జాగ్రత్త. ‘అబ్బ, ఎంత కవితాత్మకంగా ఉందో’ అనిపించిన వాక్యాన్ని వదిలేయండి. క్యాలెండర్ల మీది సూక్తులు, ప్రకటనల్లో ప్రాసలు, శుభాకాంక్షల కార్డులు పనికిరావు. అవి ముందే కవిత వేషం కట్టుకుని ఉన్నాయి. వాక్యానికి లోకంలో ఏదో ఒక పని ఉండాలి: హెచ్చరించడం, లెక్క చెప్పడం, దారి చూపడం, తప్పు దిద్దడం. పని చేస్తున్న భాషనే ఏరండి.

పేరు మాత్రమే మీది

అన్ని అభ్యాసాల్లోకీ నాకు ఇష్టమైనది ఇది. ఎవరు కొత్తగా వచ్చినా దీనితోనే మొదలుపెడతాం. నియమాలు నాలుగు మాటల్లో చెప్పవచ్చు: ఒకే చోట దొరికిన వాక్యాలు తీసుకోండి, మాటలు తీసేయవచ్చు, వరుస మార్చవచ్చు, ఒక్క మాట కూడా చేర్చకూడదు, కవిత పేరు మాత్రం పూర్తిగా మీ ఇష్టం.

ఒక మందు సీసాతో వచ్చే చీటీ తీసుకుందాం. అందులో సాధారణంగా ఉండే వాక్యాలు ఇలా ఉంటాయి:

వాడే ముందు సీసాను బాగా కుదపండి. వెలుతురు తగలకుండా, చల్లని పొడి ప్రదేశంలో ఉంచండి. పిల్లలకు అందకుండా ఉంచండి. మూత తీసిన నెల రోజుల లోపు వాడేయండి. కళ్లలో పడితే వెంటనే నీళ్లతో కడుక్కోండి. ఒక మోతాదు మరచిపోతే గుర్తుకు రాగానే వేసుకోండి. రెండు మోతాదులు ఒకేసారి వేసుకోకండి.

ఇప్పుడు దీనికి ‘నాన్న ఉత్తరాలు’ అని పేరు పెడతాను.

*నాన్న ఉత్తరాలు*

వెలుతురు తగలకుండా
పొడి ప్రదేశంలో ఉంచండి.

పిల్లలకు
అందకుండా ఉంచండి.

ఒక మోతాదు మరచిపోతే
గుర్తుకు రాగానే వేసుకోండి.
రెండు మోతాదులు
ఒకేసారి
వేసుకోకండి.

అదే చీటీ, పేరు మాత్రం వేరు:

*పాత కోపం*

బాగా కుదపండి.
మూత తీసిన
నెల రోజుల లోపు
వాడేయండి.
కళ్లలో పడితే
వెంటనే నీళ్లతో
కడుక్కోండి.

చీటీలో నాన్న లేడు, కోపం లేదు. పేరు పెట్టిన క్షణంలో ప్రతి మాటా ఆ పేరు వైపు తిరుగుతుంది. అందుకే పేరు విషయంలో తొందరపడకండి. ఒకే చీటీకి వరుసగా పది పేర్లు రాసి, ఒక్కో పేరు కింద వాక్యాలను మళ్లీ చదవండి. ‘ప్రేమ’, ‘జీవితం’ లాంటి పేర్లు పెడితే కవిత చల్లబడిపోతుంది, ఎందుకంటే అవి దేనికైనా సరిపోతాయి. చేత్తో పట్టుకోగలిగినది గానీ, ఒకే ఒక మనిషికి చెందినది గానీ పేరుగా పెట్టండి. పై రెండింటిలో మొదటిది బలమైనదని నా అభిప్రాయం. ఉత్తరాలకు చోటు కావాలి, వెలుతురు నిజంగానే వాటిని పాడు చేస్తుంది. అక్కడ వాక్యం అక్షరాలా నిజమవుతూనే ఇంకో అర్థాన్నీ మోస్తోంది. కోపానికి మూత ఉండటం పోలిక మాత్రమే.

పాదాలు విరవడం గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దొరికిన మాటలతో రాసేటప్పుడు మీ చేతిలో ఉన్న పనిముట్లు అవే: కోత, వరుస, విరుపు. తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. ఆ క్రియ చివర్లోనే చేయమంటున్నారో వద్దంటున్నారో తేలుతుంది. ‘వేసుకోండి’కి, ‘వేసుకోకండి’కి మధ్య ఒక్క ‘క’ తేడా. కాబట్టి క్రియను కింది పాదంలోకి దించితే, అది వచ్చేదాకా చదివేవారు ఎటూ తేల్చుకోలేరు. ‘రెండు మోతాదులు / ఒకేసారి’ దగ్గర ఆగినప్పుడు తండ్రి ఉత్తరాలన్నీ ఒకే రాత్రి చదివేసిన మనిషి కనిపిస్తాడు. ఆ తర్వాతే ‘వేసుకోకండి’. అలాగే ‘పిల్లలకు’ అన్న మాటను ఒంటరిగా నిలబెట్టినప్పుడు, పిల్లలకు ఏదో ఇవ్వబోతున్నారని అనిపిస్తుంది. కింది పాదం దాన్ని వెనక్కి లాక్కుంటుంది.

విరిచాక గట్టిగా చదవండి. ఊపిరి ఆగాల్సిన చోట ఆగకపోతే విరుపు తప్పు చోట పడినట్టే.

నల్ల సిరాతో

ఒక పత్రికా పుటలో కావాల్సిన మాటలను వదిలి మిగతాదంతా నల్లగా పూసేయడం చాలామందికి తెలిసిన ఆటే. కానీ చూసిన నమూనాలు ఎక్కువగా ఇంగ్లీషువి కావడంతో, అదే పద్ధతిలో పై నుంచి కిందికి నచ్చిన మాటలు ఏరుకుంటూ పోతారు. తెలుగులో అలా చేస్తే చివరికి నామవాచకాల గుట్ట మిగులుతుంది, వాటిని కలిపే క్రియ దొరకదు.

కింది నుంచి పైకి ఎక్కండి. ముందు వార్త చివరి వాక్యాల్లో ఒక మంచి క్రియను పట్టుకోండి. వార్తల తెలుగులో వాక్యాలు ‘తెలిపారు’, ‘పేర్కొన్నారు’, ‘వెల్లడించారు’ అని ముగుస్తాయి. ఇవి కవితకు పెద్దగా ఉపయోగపడవు. ‘కోరారు’, ‘మళ్లించారు’, ‘ఎదురుచూస్తున్నారు’ లాంటివి ఉపయోగపడతాయి, వాటికి ‘దేన్ని’, ‘దేనికి’ అన్న జవాబు కావాలి కాబట్టి. క్రియ దొరికాక, దానికి అతికే ‘ను’, ‘కి’, ‘లో’ ఉన్న మాటల కోసం పైకి వెతుక్కుంటూ వెళ్లండి. ఉదాహరణకు వార్త ఇలా ఉందనుకుందాం:

భారీ వర్షానికి పాత వంతెన దెబ్బతినడంతో వాహనాల రాకపోకలను మళ్లించినట్లు అధికారులు తెలిపారు. మరమ్మతు పనులు పూర్తయ్యే వరకు ప్రజలు సహకరించాలని కోరారు.

‘కోరారు’ దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్తే ‘రాకపోకలను’ దొరుకుతుంది. మిగతాది సిరాలో ముంచితే:

పాత
రాకపోకలను
పూర్తయ్యే వరకు
కోరారు.

ఎవరు కోరారో తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా లేదనిపిస్తుంది. ఇందులో పట్టు దొరికాక మాటల లోపల కూడా నలుపు పూయవచ్చు. వాతావరణ వార్తలో ‘వాతావరణం’ మొదటి మూడు అక్షరాలు మూసేస్తే ‘రణం’ మిగులుతుంది. ‘కారణం’లోనూ, ‘మరణం’లోనూ అదే దాగి ఉంది. అయితే ఈ ముచ్చట పుటకు ఒక్కసారే. రెండోసారికి అది గారడీ అయిపోతుంది.

కత్తిరింపులు

1920లో ట్రిస్టన్ జారా అనే డాడా కవి (తర్కాన్ని కావాలని ధిక్కరించిన కళా ఉద్యమం డాడా) కవిత రాయడానికి ఒక విధానం చెప్పాడు: పత్రికలో ఒక వ్యాసాన్ని మాటలు మాటలుగా కత్తిరించండి, సంచిలో వేసి కుదపండి, ఒక్కొక్కటే తీసి వచ్చిన వరుసలోనే రాసుకోండి. 1959లో పారిస్‌లో బ్రయన్ గైసిన్ అనే చిత్రకారుడు బొమ్మ కోసం అట్టను కోస్తుంటే కింద పరిచిన పత్రికలు కూడా తెగాయి. ఆ ముక్కలు పక్కపక్కన పడి కొత్త వాక్యాలుగా కనిపించాయి. ఆయన మిత్రుడు విలియం బరోస్ ఆ పద్ధతిని నవలల దాకా తీసుకెళ్లాడు.

తెలుగుకు ఇది బాగా నప్పుతుంది, కారణం మన వ్యాకరణమే. మన మాట తన విభక్తిని వెంట తెచ్చుకుంటుంది. ‘ఇంటికి’ అన్న ముక్క ఎక్కడ పడినా ‘ఇంటికి’గానే ఉంటుంది, వరుస మారినా అర్థం బతుకుతుంది. చిక్కంతా క్రియలతోనే. కాబట్టి రెండు సంచులు పెట్టుకోండి, ఒకదానిలో క్రియలు, రెండోదానిలో మిగతావన్నీ. రెండో సంచిలోంచి మూడు ముక్కలు, మొదటి దానిలోంచి ఒకటి తీయండి. ఇలా ఒక ఇరవై వాక్యాలు చేశాక, అందులో మిమ్మల్ని ఆపిన రెండింటిని ఉంచుకోండి. వచ్చినదంతా కవితే అన్న జారా పట్టుదల నాకు లేదు. నాకు ఇది కవిత కాదు, కవితకు మొదటి వాక్యాన్ని ఇచ్చే పద్ధతి.

దత్తపది

దొరికిన మాటలతో కట్టడం మనకు కొత్తేమీ కాదు. అవధానంలో దత్తపది అనే అంశం ఉంది. ప్రశ్న వేసే పృచ్ఛకుడు ఒకదానికొకటి పొంతన లేని నాలుగు పదాలు ఇస్తాడు. వాటిని ఇముడ్చుతూ, అడిగిన విషయం మీద, అడిగిన ఛందస్సులో పద్యం చెప్పాలి. ఇచ్చిన పదాలు తమ మామూలు అర్థంలో కాక, సంధిలోనో సమాసంలోనో కరిగి వేరే అర్థం ఇస్తుంటే సభ మెచ్చుకుంటుంది. ఈ మెలకువను వచన కవితకు తెచ్చుకోవచ్చు.

ఒక యంత్రపు వాడుక పుస్తకం తెరిచి నాలుగు మాటలు తీసుకోండి. విషయం మాత్రం యంత్రానికి దూరంగా ఉండాలి. ప్రతి మాటా దాని పని వదిలి మరో అర్థంలో నిలబడాలి. సైకిలు వాడుక పుస్తకంలోంచి గొలుసు, బిగుతు, నూనె, గాలి తీసుకున్నాను. విషయం, పాత స్నేహం:

నీ గొలుసుకట్టు రాత
ఇప్పుడు చదవలేకపోతున్నాను.
బిగుతుగా మడిచిన మడత దగ్గర
నూనె మరక.
మిగతాది
గాలికి వదిలేశాను.

‘గాలికి వదిలేయడం’ రోజూ అనే మాటే. ఇక్కడ అది గొలుసు పక్కన పడటంతో, సైకిలు ఎక్కడా లేకపోయినా, చక్రం తిరిగి ఆగిన అలికిడి ఏదో వినిపిస్తుంది. దత్తపది చేసే మేలు ఇదే: చదివేవారికి కనిపించని ఒక లోకం అడుగున ఉండి కవితను పట్టి ఉంచుతుంది. ఇవ్వాల్సిన మాటలు మీరే ఎంచుకోకండి, పక్కవారిని ఎంచమనండి. మనం ఎంచుకుంటే మనకు అనుకూలమైనవే ఏరతాం.

పరీక్షా పత్రం, తప్పొప్పుల పట్టిక

ఇంతవరకు మాటలను తీసుకున్నాం. కొన్నిచోట్ల మాటల కంటే రూపం విలువైనది. పరీక్షా పత్రం అలాంటిది. ‘ఖాళీలను పూరింపుము’, ‘కారణములు తెలుపుము’, ‘ఏవేని రెండింటికి సమాధానములు వ్రాయుము’ అన్నవి బడికి వెళ్లినవారందరికీ నరాల్లో ఉన్న వాక్యాలు. ఆ చట్రాన్ని తీసుకుని లోపల మీ సంగతి పెట్టండి.

1. క్రింది వాటిని జతపరచుము.
గొడుగు — చివరి వాన
తాళంచెవి — ఖాళీ చేసిన ఇల్లు
నీ ఫోను నంబరు — (         )
2. కారణములు తెలుపుము. ఒక్క వాక్యం చాలు.
3. పై వాటిలో ఏవేని రెండింటిని మరచిపొమ్ము.

రూపాన్ని ఎంత నిజాయితీగా పాటిస్తే లోపలి బాధ అంత బలంగా తగులుతుంది. మధ్యలో ఎక్కడో ‘అయ్యో’ అన్నారంటే పత్రం పత్రంగా ఉండదు.

ప్రూఫులు దిద్దే మనిషిని కాబట్టి తప్పొప్పుల పట్టిక మీద నాకు ప్రత్యేకమైన మమకారం. పాత పుస్తకాల చివర పుట, పంక్తి, తప్పు, ఒప్పు అని నాలుగు గళ్లు గీసి, ‘పాఠకులు సవరించుకొని చదువగలరు’ అని వినయంగా రాసేవారు. ఒక పుస్తకం తన గురించి తాను నిజం చెప్పే చోటు అది. దాన్ని ఒక బంధానికో, ఒక ఉద్యోగానికో, ఒక ఏడాదికో పెట్టి చూడండి.

పుట 3: ‘మళ్లీ వస్తాను’ — ‘వెళ్తున్నాను’ అని చదువుకోవాలి.
పుట 17: ‘ఏమీ లేదు’ — ‘చాలా ఉంది’.
పుట 41 నుంచి చివరి వరకు: ‘మనం’ — ‘నేను’.
పుట 58: ఖాళీగా ఉండవలసినది కాదు.

పుట సంఖ్యలు ఇష్టం వచ్చినట్టు వేయకండి. వాటి మధ్య దూరమే కథ. మూడో పుటలోనే మొదటి తప్పు ఉందంటే అది మొదటి నుంచే ఉన్నట్టు. పదిహేడు నుంచి నలభై ఒకటి దాకా ఏ తప్పూ లేదంటే ఆ మధ్యకాలం బాగా గడిచిందన్నమాట. ఇలా సంఖ్యలతో కథ చెప్పగలగడం ఈ రూపం ఇచ్చే గొప్ప సౌకర్యం.

ఇక వస్తువు

వస్తువు మీద కవిత రాయమంటే చాలామంది దాన్ని చూడరు, దాని గురించి ఆలోచిస్తారు. గొడుగు అనగానే ‘రక్షణ’, గడియారం అనగానే ‘కాలం’ అని రాసేస్తారు. అందుకే మొదటి పది నిమిషాలు ఒక్క పోలిక కూడా రాయకూడదన్నది నియమం. ‘లాగా’, ‘వలె’, ‘ప్రతీక’ అన్న మాటలు ఆ పది నిమిషాలూ మీకు లేవనుకోండి.

రోజూ వాడే వస్తువునే తీసుకోండి. కొత్తది వద్దు, ప్రదర్శనకు పెట్టినది అసలే వద్దు. చేతిలో పట్టుకుని ఈ ప్రశ్నలకు చిన్న వాక్యాల్లో జవాబులు రాయండి. ఎక్కడ అరిగింది? ఎవరి వేలు అక్కడ పడటం వల్ల అరిగింది? ఏ భాగాన్ని ఎవరూ ఎప్పుడూ తాకరు? దాన్ని వాడేటప్పుడు వచ్చే చప్పుడు ఏమిటి, వాడనప్పుడు అది ఎలా పడి ఉంటుంది? ఒక భాగం పాడైతే దానితో ఎలా నెట్టుకొస్తున్నారు? ఈ చివరి ప్రశ్న దగ్గరే కవితలు దొరుకుతాయి. మనిషికీ వస్తువుకూ మధ్య కుదిరిన రాజీ అక్కడ కనబడుతుంది.

నా బల్ల మీద ఒక చెక్క స్కేలు ఉంది. ప్రూఫు చదివేటప్పుడు పంక్తి కింద పెట్టి కిందికి జరుపుకుంటూ వెళ్తాను. సున్నా ఉన్న కొస గుండ్రంగా అరిగిపోయింది, మొదటి గీత కనబడదు. ఏదైనా కొలవాల్సి వస్తే ఒకటి నుంచి మొదలుపెట్టి, వచ్చిన కొలతలోంచి ఒకటి తీసేస్తాను. ప్రశ్నలకు జవాబులు రాశాక మిగిలినది ఇది:

మొదటి గీత అరిగిపోయింది.
ఒకటి నుంచి మొదలుపెట్టి
చివర ఒకటి తీసేస్తాను.
కొలత సరిగ్గానే వస్తుంది.

ఇక్కడ స్కేలు అన్న మాట కూడా అవసరం కాలేదు. దీనికి ‘అమ్మ లేని ఇల్లు’ అని పేరు పెట్టవచ్చు, ‘రెండో పెళ్లి’ అని పెట్టవచ్చు, ‘స్కేలు’ అనే ఉంచవచ్చు. నేను ‘స్కేలు’ అనే ఉంచాను. మందు చీటీకి బయటి పేరు కావాలి, ఎందుకంటే దానిలో మనిషి లేడు. అరిగిన వస్తువులో మనిషి ముందే ఉన్నాడు.

పేరు తీసేసి చూడటం కూడా మంచి అభ్యాసమే. మన పొడుపు కథలు చేసే పని అదే. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు’ అన్నప్పుడు కళ్ల పేరు ఎత్తకుండానే రెప్పలు తలుపులయ్యాయి. మీ వస్తువు మీద అయిదు వాక్యాలు రాసి, పేరు లేకుండా ఎవరికైనా వినిపించండి. వెంటనే పోల్చుకుంటే మీరు అందరూ చెప్పేదే చెప్పారని అర్థం. అసలే పోల్చుకోలేకపోతే వస్తువును వదిలి మీ లోకంలోకి వెళ్లిపోయారన్నమాట. కాసేపు ఆగి, ‘ఆ... అదా!’ అంటే సరిగ్గా రాసినట్టు.

ఒకే వస్తువు కాకుండా ఒక సొరుగు మొత్తాన్ని జాబితాగా రాయడం ఇంకో పద్ధతి. దీనికి చిన్న నియమం: ‘అందమైన’, ‘ఎర్రని’, ‘పాత’ లాంటి విశేషణాలు వద్దు. క్రియ నుంచి వచ్చినవే వాడాలి: విరిగిన, వెలిసిన, తిరగని, పారేయలేని. ‘పాత చొక్కా’ ఒక స్థితి. ‘వెలిసిన చొక్కా’ అనేసరికి ఎండ, ఉతుకు, ఏళ్లు అన్నీ వచ్చి చేరతాయి. క్రియకు జరిగిపోయిన సంఘటనను లోపల దాచుకునే శక్తి ఉంది.

మూత పోయిన పెన్ను.
పెన్ను పోయిన మూత.
ఒకదానిది ఒకటి కాదు.
తాళం మారినా మారని తాళంచెవి.

ఎవరి మాటలు తీసుకోకూడదు

ఇంకొకరి కవిత మనకు దొరికిన వస్తువు కాదు. పాట, కథ, ఎవరో తమ పేరుతో రాసుకున్న వ్యాసం కూడా అంతే. అందులో వాక్యాలు ఏరుకుని మీ పేరు పెడితే అది అభ్యాసం అనిపించుకోదు. పని కోసం పుట్టిన భాషకే పరిమితం కండి.

మనుషుల మాటల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అమెరికన్ కవి చార్లెస్ రెజ్నికాఫ్ పాత కోర్టు కేసుల నివేదికల నుంచి ‘టెస్టిమొనీ’ అనే పెద్ద కావ్యాన్నే కట్టాడు. ఆ కేసులు 1885–1915 మధ్యవి, ప్రచురణలో ఉన్నవి. మీరు విన్నది నిన్న బస్సులో ఒక మనిషి తన బిడ్డతో అన్న మాట. పేరు, ఊరు, ఆ మనిషిని పోల్చుకోగల వివరం ఏదీ కవితలో మిగలకూడదు. ఆసుపత్రి వరండాలో విన్నవి, ఎవరి ఇంట్లోనో పొరపాటున కంటపడిన ఉత్తరాలు నోటు పుస్తకంలోకి కూడా ఎక్కించను నేను. మీ సొంత ఇంటివారి మాటలైతే, అచ్చుకు పంపే ముందు వారికి ఒకసారి చదివి వినిపించండి, వద్దంటే మానేయండి.

కవిత కింద చిన్న అక్షరాల్లో మూలం రాయండి: ‘దగ్గు మందు చీటీ నుంచి’, ‘వాతావరణ సమాచారం నుంచి’. కొందరు ఇది గుట్టు విప్పడమని మానేస్తారు. నేను ఒప్పుకోను. మూలం తెలిశాక చదివేవారు మళ్లీ పైకి వెళ్లి, అదే వాక్యాన్ని చీటీగా ఒకసారి, కవితగా ఒకసారి చదువుతారు. ఎన్ని మాటలు తీసేశారో, చేర్చినది ఏమైనా ఉంటే ఏమిటో కూడా ఆ ఒక్క వరుసలోనే చెప్పేయవచ్చు: ‘దగ్గు మందు చీటీ నుంచి, పేరు తప్ప ఏదీ చేర్చలేదు.’